ఒక రిపోర్టు వాక్యానికి వ్యాఖ్యానం

పద్నాలుగేళ్ళ పిల్లవాణ్ణి సైకాలజిస్టుకు చూపించి వచ్చిన తల్లిదండ్రుల చేతిలో ఒక రిపోర్టు ఉంటుంది. పరీక్షల పేర్లు, మార్కులు, పట్టికలు అయ్యాక ఆఖరి పేజీలో సిఫారసు వస్తుంది. ఎవరు రాసినా అది ఇంచుమించు ఇలాగే నడుస్తుంది:

“ఆస్పెర్గర్ లక్షణాలున్న ఈ కౌమార బాలుడికి కంటిచూపు కలపడం, సంభాషణలో వంతు పాటించడం, ఎదుటివారి మనసు గ్రహించడం, పరిమిత ఆసక్తులను తగ్గించుకోవడం, తోటివారితో స్నేహం చేయడం వంటి సామాజిక నైపుణ్యాల్లో శిక్షణ అవసరం. తల్లిదండ్రులు సహకరించాలి.”

అమ్మానాన్నలు దాన్ని నాలుగుసార్లు చదువుకుంటారు. రేపు పొద్దున్న లేచాక ఏం చేయాలో మాత్రం అందులో దొరకదు. ఈ వాక్యంలో నిజంగా అక్కరకొచ్చే మాటలున్నాయి, కాలం చెల్లినవి ఉన్నాయి, పిల్లవాడికి హాని చేయగల మాట కూడా ఒకటుంది. అందుకని ఒక్కో మాటనూ విడదీసి చూద్దాం.

ఆస్పెర్గర్ లక్షణాలున్న

1944లో వియన్నాలో హన్స్ ఆస్పెర్గర్ అనే పిల్లల వైద్యుడు నలుగురు మగపిల్లల గురించి రాశాడు. వాళ్ళకు మాటలు బాగా వచ్చు. ఇష్టమైన సంగతి ఎత్తితే పెద్దవాళ్ళలా గంటలకొద్దీ వివరించేవారు. తోటిపిల్లల మధ్య మాత్రం ఇమడలేకపోయేవారు. దానికి ఏడాది ముందు అమెరికాలో లియో కానర్ ఆటిజాన్ని వర్ణించాడు. వీళ్ళిద్దరికన్నా చాలా ముందు, 1925లోనే, మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు ఇలాంటి పిల్లల గురించి రాసింది. ఆమెను లోకం దశాబ్దాల పాటు పట్టించుకోలేదు. జర్మన్ భాషలో మరుగునపడిన ఆస్పెర్గర్ పరిశీలనను 1981లో లండన్ మానసిక వైద్యురాలు లోర్నా వింగ్ వెలికితీసి, ఆయన పేరునే ఆ స్థితికి వాడుకలోకి తెచ్చింది. ఆమె కూతురికి ఆటిజం. ఆ తల్లి అనుభవం ఆమె రచనల్లో అడుగడుగునా కనిపిస్తుంది.

1994లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగనిర్ణయ గ్రంథం నాలుగో కూర్పులో దీన్ని విడిగా చేర్చింది. 2013లో వచ్చిన ఐదో కూర్పులో ఆ విడి పేరు తీసేసి ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 11వ వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులోనూ ఈ పేరు విడిగా లేదు. పేరు మీద ఇంకో మచ్చ కూడా పడింది. నాజీల కాలంలో వియన్నాలోని ష్పీగెల్‌గ్రుండ్ అనే సంస్థలో వికలాంగులైన పిల్లలను చంపేవారు. ఆస్పెర్గర్ కొందరు పిల్లలను అక్కడికి పంపాడని చరిత్రకారుడు హెర్విగ్ చెక్ 2018లో పత్రాలతో సహా బయటపెట్టాడు. ఆ తర్వాత చాలామంది ఈ పేరు వదిలేశారు. ఏళ్ళ తరబడి దాన్ని తమదిగా మోసుకొచ్చినవాళ్ళు కొందరు వదల్లేదు. ఏ పేరుతో పిలవాలన్నది ఆ పిల్లవాడు పెద్దయ్యాక తనే తేల్చుకోవాల్సిన సంగతి.

ఇంటివాళ్ళకు పేరు కన్నా ముఖ్యమైనది ఒకటుంది. పాత నిర్వచనం ప్రకారం ఆస్పెర్గర్ అనాలంటే పిల్లవాడికి రెండేళ్ళకల్లా మాటలు, మూడేళ్ళకల్లా చిన్న చిన్న వాక్యాలు వచ్చి ఉండాలి, తెలివితేటల్లో లోటు ఉండకూడదు. అందుకే వీళ్ళు చిన్నప్పుడు ఎవరి దృష్టికీ రారు. “మూడేళ్ళకే అన్ని జెండాలూ గుర్తుపట్టేవాడు” అని మురిసిపోయిన ఇంట్లోనే పదేళ్ళ తర్వాత ఆందోళన మొదలవుతుంది. భాష చక్కగా ఉంది, కష్టమంతా ఆ భాషను మనుషుల మధ్య వాడుకోవడంలో ఉంది.

కౌమార

అయిదో తరగతి దాకా స్నేహమంటే ఆట. ఆటకు నియమాలుంటాయి, అవి పైకి చెప్పే నియమాలు. ఏడెనిమిది తరగతులకొచ్చేసరికి స్నేహం ఆటలోంచి కబుర్లలోకి జరిగిపోతుంది. కబుర్లకూ నియమాలున్నాయి గానీ వాటిని ఎవరూ చెప్పరు. ఒకడు “ఒరేయ్ మామా” అని భుజం మీద చెయ్యేస్తే, “నేను నీకు మామనెలా అవుతాను?” అని మనవాడు నిజంగా అడుగుతాడు. “చంపేస్తా నిన్ను” అని నవ్వుతూ అన్న మాటకు భయపడి టీచరుకు చెప్తాడు. “చూద్దాంలే” అంటే రానని అర్థమని తెలియక ఆదివారం సాయంత్రం దాకా గేటు దగ్గర ఎదురుచూస్తాడు.

పదో తరగతి అయ్యాక మన రాష్ట్రాల్లో చాలామంది పిల్లలు రెసిడెన్షియల్ కాలేజీ హాస్టళ్ళలో చేరతారు. ఇరుకు గదులు, అరుపులు, పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, ఒక్క క్షణం ఏకాంతం లేని బతుకు. ఇలాంటి పిల్లవాణ్ణి ర్యాంకు కోసం అక్కడ వేసే ముందు వందసార్లు ఆలోచించాలి.

బాలుడికి

రిపోర్టుల్లో ఎక్కువగా బాలుడే ఉంటాడు. ఆస్పెర్గర్ వ్యాసంలోనూ నలుగురూ మగపిల్లలే. 2017లో పాత అధ్యయనాలను కలిపి లెక్క చూస్తే ఆటిజం ఉన్న ప్రతి ముగ్గురు మగపిల్లలకూ ఒక ఆడపిల్ల ఉన్నట్టు తేలింది. అంతకుముందు నాలుగుకు ఒకటి అనుకునేవారు. ఆడపిల్లలు గుర్తింపుకు రాకపోవడానికి పెద్ద కారణం వాళ్ళు దాచుకోగలగడం. క్లాసులో నలుగురు మెచ్చే అమ్మాయిని గమనించి, ఆమె నవ్వు, ఆమె మాట, ఆమె చేతులు తిప్పే తీరు నేర్చుకుని అచ్చంగా చేసి చూపిస్తారు. మన ఇళ్ళలో “నెమ్మదైన పిల్ల, నోట్లో నాలుకే లేదు” అనేది ప్రశంస కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఈ దాచుకోవడాన్ని ముసుగు అంటున్నారు. లారా హల్, ఆమె సహచరులు 2017లో ఆటిజం ఉన్న పెద్దవాళ్ళను ఈ సంగతి అడిగితే, రోజంతా అలా నటించి ఇంటికొచ్చేసరికి ఒంట్లో శక్తి ఉండదని, తామెవరో తమకే అయోమయంగా ఉంటుందని చెప్పారు. ముసుగు ఎక్కువైన కొద్దీ ఆందోళన, కుంగుబాటు ఎక్కువగా కనిపిస్తున్నాయని తర్వాతి పరిశోధనలు చెప్తున్నాయి. స్కూల్లో బంగారంలా ఉండి, ఇంటికి రాగానే పుస్తకాల సంచి విసిరికొట్టి ఏడ్చే పిల్లను చూసి “బయట బాగానే ఉంటుంది, మా దగ్గరే ఈ పెంకితనం” అనుకోకండి. బయట బాగా ఉండడానికి కట్టిన మూల్యమే ఆ ఏడుపు. అలాంటి పిల్ల “నాకు బతకాలని లేదు” అంటే మాటవరసకు అందనుకోకూడదు. ఈ పిల్లలు మాటను మాటగానే వాడతారు. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా పగలైనా.

కంటిచూపు కలపడం

ఇది సిఫారసులోంచి కొట్టేయవలసిన మాటని నా అభిప్రాయం. 2017లో నౌషీన్ హాజిఖానీ బృందం ఆటిజం ఉన్నవాళ్ళను బొమ్మలోని ముఖాల కళ్ళనే చూడమని చెప్పి, ఆ సమయంలో మెదడు పనిని స్కానింగులో గమనించింది. భయాన్ని, ఉద్వేగాన్ని నడిపే లోపలి భాగాలు మామూలు కన్నా బాగా ఎక్కువగా ఉలిక్కిపడ్డాయి. కళ్ళలోకి చూడకపోవడం నిర్లక్ష్యమనుకున్నాం ఇన్నాళ్ళూ. వాళ్ళకది తట్టుకోలేని ఒత్తిడి. “నా కళ్ళలోకి చూసి చెప్పు” అని గద్దిస్తే పిల్లవాడు చూస్తాడు, కానీ మనం చెప్పేది వినలేడు. రెండూ ఒకేసారి కుదరవు.

పైగా మన సంప్రదాయంలో పెద్దల కళ్ళలోకి సూటిగా చూడడమే పొగరు. తల వంచుకుని వినే కుర్రవాణ్ణి మన తాతలు బుద్ధిమంతుడన్నారు. కళ్ళలోకి చూడాలన్నది ఉద్యోగాల ఇంటర్వ్యూలతో వచ్చిన కొత్త నియమం. కావాలంటే పిల్లవాడికి వేరే దారి చూపవచ్చు: మాట్లాడేవాళ్ళ వైపు భుజాలు తిప్పి నిలబడు, మధ్యమధ్య “ఊఁ” అను, అవసరమైతే “చూడకపోయినా వింటున్నానండీ” అని చెప్పు. అది చాలు.

సంభాషణలో వంతు పాటించడం

సిఫారసు మొత్తంలో నేర్పగలిగినదీ, నేర్పితే రేపే ఉపయోగపడేదీ ఇదే. కాస్త నిలిచి చూడాలి.

1975లో పాల్ గ్రైస్ అనే తత్వవేత్త మాటామంతీ ఎలా సాగుతుందో సూత్రీకరించాడు. మాట్లాడే ఇద్దరూ ఒకరికొకరు సహకరించుకుంటున్నారన్న నమ్మకం మీదే సంభాషణ నిలబడుతుందన్నాడు. సరిపడినంతే చెప్పు, నిజం చెప్పు, సందర్భానికి తగింది చెప్పు, స్పష్టంగా చెప్పు అనేవి నాలుగు సూత్రాలు. మనలో చాలామంది వీటిని తరచూ కావాలనే దాటుతాం, ఎదుటివాళ్ళు అసలు భావం పట్టుకుంటారని ధైర్యం. “అబ్బో, ఏం తెలివి!” అని వెక్కిరించినప్పుడు నిజం చెప్పడమనే సూత్రం దాటాం. ఆస్పెర్గర్ ఉన్న పిల్లవాడు వాటిని అక్షరాలా పాటిస్తాడు, మనం దాటినప్పుడు గమనించడు. సరిపడినంత ఎంతో మాత్రం వాడికి తెలియదు.

తెలుగింట ఈ దాటవేతలు ఎన్ని ఉన్నాయో లెక్కేసుకుంటే పిల్లవాడి మీద జాలి కలుగుతుంది. వీధిలో ఎదురైనవాళ్ళు “ఎక్కడికి?” అంటే ఊరు పేరు, బస్సు నంబరు చెప్పనక్కర్లేదు, “ఇక్కడికే” అంటే చాలు. “భోంచేశారా?” అన్నది పలకరింపు. చుట్టాలింట్లో మొదటిసారి “వద్దండీ” అనాలి, రెండోసారి మొహమాటపడాలి, మూడోసారి పెట్టించుకోవాలి. మొదటిసారే “పెట్టండి” అంటే ఆబ, మూడోసారీ “వద్దు” అంటే గర్వం. గడప దాటుతూ “వెళ్తాను” అనకూడదు, “వెళ్ళొస్తాను” అనాలి. మళ్ళీ ఆ పూట వస్తామని కాదు. ఇవేవీ పుస్తకాల్లో ఉండవు. మిగతా పిల్లలు గాలిలోంచి పీల్చుకున్నట్టు పట్టేస్తారు. ఈ పిల్లవాడికి పైకి చెప్పాలి, కారణంతో సహా చెప్పాలి. “మర్యాద నేర్చుకో” అంటే వాడికేమీ అందదు. “పొద్దున ఎదురైనవాళ్ళు బాగున్నావా అంటే, జ్వరం ఉన్నా సరే, బాగున్నానండీ మీరెలా ఉన్నారు అనాలి. వాళ్ళడిగేది ఆరోగ్యం కోసం కాదు, మనల్ని గుర్తించామని చెప్పడానికి” అంటే వెంటనే అందుకుంటాడు. నియమం స్పష్టంగా తెలిస్తే మనకన్నా కచ్చితంగా పాటిస్తాడు.

వంతు విషయానికొస్తే, లాస్ ఏంజిలిస్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ లాగెసన్, ఫ్రెడ్ ఫ్రాంకెల్ రూపొందించిన పియర్స్ అనే శిక్షణ పద్ధతి దీన్ని బాగా విడగొట్టింది. వాళ్ళ మాటలో సంభాషణంటే సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం. ఒక ప్రశ్న అడుగు, జవాబు విను, ఆ జవాబు మీదే ఇంకో ప్రశ్న అడుగు, తర్వాత నీ సంగతి ఒకటి చెప్పు. ఇద్దరికీ ఇష్టమైనదేదో దొరికేదాకా వెతుకు. ఇంట్లో అన్నం తినేటప్పుడు రోజూ పది నిమిషాలు ఇది సాధన చేయవచ్చు: రెండు వాక్యాలు చెప్పి ఒక ప్రశ్న అడగాలి. వాడు రైల్వే సిగ్నళ్ళ గురించి మూడో వాక్యం ఎత్తుకున్నప్పుడు కోప్పడకుండా ముందే అనుకున్న సైగ చేయండి.

ఇంటర్వెల్లో గుంపుగా మాట్లాడుకుంటున్నవాళ్ళ మధ్యకి ఎలా చేరాలన్నదీ పియర్స్ మెట్లుగా చెప్తుంది. పెద్దవాళ్ళు సాధారణంగా “వెళ్ళి హాయ్ చెప్పు, పరిచయం చేసుకో” అంటారు. పదిహేనేళ్ళ పిల్లల్లో ఎవరూ అలా చేరరు. కాస్త దూరంగా నిలబడి ఏం మాట్లాడుకుంటున్నారో వింటారు, మాట ఆగిన సందు చూసి ఒక అడుగు దగ్గరికి జరుగుతారు, అదే విషయం మీద చిన్న మాట ఒకటి అంటారు. వాళ్ళు తిరిగి చూసి చోటిస్తే ఉంటారు, ఇవ్వకపోతే నెమ్మదిగా తప్పుకుంటారు. చోటివ్వకపోవడం అందరికీ జరుగుతుందని కూడా పిల్లవాడికి చెప్పాలి. లేకపోతే తన ఒక్కడినే తరిమేశారనుకుంటాడు.

ఇంకొక్క మాట. ప్రశ్న అడిగాక ఆగండి. జవాబు కూడదీసుకోవడానికి ఈ పిల్లలకు ఎక్కువ సమయం పడుతుంది. ఆ మౌనంలో మనం ప్రశ్నను వేరే మాటల్లో మళ్ళీ అడిగితే వాడు మొదటినుంచి మొదలుపెట్టాలి.

ఎదుటివారి మనసు గ్రహించడం

1985లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ రెండు బొమ్మలతో ఒక పరీక్ష చేశారు. శాలీ తన గోలీని బుట్టలో పెట్టి బయటికెళ్తుంది. ఆన్ దాన్ని పెట్టెలోకి మారుస్తుంది. తిరిగొచ్చిన శాలీ గోలీ కోసం ఎక్కడ వెతుకుతుంది? ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది పెట్టెను చూపించారు, అంటే తమకు తెలిసింది శాలీకీ తెలుసనుకున్నారు. అప్పటినుంచి ఆటిజమంటే ఎదుటివారి మనసు తెలియకపోవడమన్న మాట స్థిరపడిపోయింది. మనసే లేదన్నంత దాకా కొందరు లాక్కెళ్ళారు. అది అన్యాయం.

2012లో బ్రిటన్‌కు చెందిన డేమియన్ మిల్టన్ ఎదురు ప్రశ్న వేశాడు. ఆయన ఆటిజం ఉన్న సామాజిక శాస్త్రవేత్త. వాళ్ళకు మన మనసు అర్థం కావడంలేదు సరే, మనకు వాళ్ళ మనసు అర్థమవుతోందా? లోపం ఒకవైపే ఉందనడం తప్పు, అది ఇద్దరి మధ్యా ఉందన్నాడు. తర్వాత వచ్చిన కొన్ని పరిశోధనలు ఆయన వైపే మొగ్గాయి. 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించుకుంటూ వెళ్ళింది. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళయినప్పుడు కథ ఎంత బాగా చేరిందో, అందరూ లేనివాళ్ళయినప్పుడూ అంతే బాగా చేరింది. ఇద్దరినీ కలిపిన వరసలోనే వివరాలు ఎక్కువగా జారిపోయాయి. అంతకుముందు 2017లో నోవా శాసన్ బృందం చేసిన పని ఇంకా మనసును తాకుతుంది. ఆటిజం ఉన్నవాళ్ళ వీడియోను కొన్ని క్షణాలు చూపించి అడిగితే, చూసినవాళ్ళు వీళ్ళతో స్నేహానికి అంతగా ఇష్టపడలేదు. అవే మాటలను కాగితం మీద రాసి ఇస్తే ఆ అయిష్టం మాయమైంది. మాటల్లో తప్పులేదు. గొంతు తీరు, నిలబడే తీరు చూసి మనం వాళ్ళను పక్కన పెడుతున్నాం.

కాబట్టి పిల్లవాడికి నేర్పవలసిన సగం ఇది: “అమ్మ ముఖం ముడుచుకుంది కదా, నీ మీద కోపం కాకపోవచ్చు, అలసట కావచ్చు. తెలియకపోతే అడుగు.” అడగడం నేర్పడమే ఇక్కడ అసలు విద్య. రెండో సగం మనకు: మనసులో ఉన్నది ముఖంలో చదివేసుకోమనకుండా నోటితో చెప్పాలి.

పరిమిత ఆసక్తులను తగ్గించుకోవడం

హాని చేయగల మాట ఉందన్నది దీని గురించే.

రైళ్ళ టైమ్‌టేబుళ్ళు, పిట్టల పేర్లు, పాత సినిమా పాటలు ఏ సంవత్సరం ఎవరు పాడారన్న వివరం, క్రికెట్ స్కోర్లు, కోడింగు, శాసనాల లిపి. ఏదైనా సరే, అందులో మునిగినప్పుడే ఈ పిల్లవాడి మనసు కుదుటపడుతుంది. దైనా మర్రే, మైక్ లెస్సర్, వెన్ లాసన్ 2005లో దీన్ని చక్కగా వివరించారు: మిగతావాళ్ళ ధ్యాస ఒకేసారి నాలుగు వైపులా పారుతుంది, వీళ్ళ ధ్యాస ఒకే పాయగా లోతుగా పారుతుంది. ఆ పాయను ఎండగడితే పిల్లవాడు అందరిలా మారడు, ఒట్టిపోతాడు.

ఆ ఆసక్తే స్నేహానికి దారి. అమెరికాలో డేనియల్ లెగాఫ్ 2004లో లెగో ముక్కలతో చేసిన పని దీనికి మంచి ఉదాహరణ. ముగ్గురు పిల్లలు కలిసి ఒక బొమ్మ కట్టాలి. ఒకరు ఇంజనీరు, పటం చూసి చెప్పాలి. ఒకరు ముక్కలు అందించాలి. ఒకరు కట్టాలి. మాట్లాడుకోకపోతే పని సాగదు, మాట్లాడుకోవడానికి విషయం చేతిలోనే ఉంది. కాసేపయ్యాక పాత్రలు మారతాయి. వంతు, అడగడం, ఓర్పు అన్నీ పాఠం చెప్పకుండానే వస్తాయి. చదరంగం క్లబ్బు, క్విజ్ టీమ్, పిట్టలను చూడటానికి వెళ్ళే బృందం, ఊళ్ళో గ్రంథాలయం ఇదే పని చేస్తాయి. రోజులో ఎప్పుడు, ఎవరితో, ఎంతసేపు ఆ విషయం మాట్లాడవచ్చో హద్దు పెట్టండి. ఆసక్తినే తగ్గించకండి.

తోటివారితో స్నేహం చేయడం

స్నేహం ఇద్దరి పని, సిఫారసు మాత్రం ఒక్కడికే రాశారు. 2012లో కాన్నీ కసారి బృందం అమెరికా ప్రాథమిక పాఠశాలల్లో రెండు పద్ధతులు పోల్చింది: ఆటిజం ఉన్న పిల్లవాడికి నేర్పడం, తోటిపిల్లలకు నేర్పడం. తోటిపిల్లలకు నేర్పిన క్లాసుల్లోనే ఈ పిల్లవాడు మిగతావాళ్ళ స్నేహవలయంలోకి ఎక్కువగా చేరాడు. చిన్నపిల్లల మీద చేసిన అధ్యయనమే అయినా హైస్కూలు టీచర్లు గుర్తుంచుకోదగ్గది. క్లాసులో దయగల ఇద్దరు పిల్లలను చూసి “వీడు మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటాడు, జోకైతే జోకని చెప్పండి” అని ఒక్క మాట చెప్పే టీచరు ఏ థెరపీ సెంటరూ చేయలేని మేలు చేస్తారు. పిల్లవాడి అనుమతి తీసుకునే చెప్పాలి సుమా.

ఎగతాళి సంగతి. “పట్టించుకోకు, టీచరుకు చెప్పు” అన్న సలహా పెద్దవాళ్ళది. పట్టించుకోనట్టు నిలబడితే ఎగతాళి ఇంకా పెరుగుతుంది, చాడీ చెప్పాడన్న పేరు వస్తే ఇంకా కష్టం. మాటలతో చేసే వెక్కిరింపుకు పియర్స్ నేర్పేది చిన్న జవాబు: “అయితే ఏంటి?”, “సర్లే”, “చెప్పడం అయిందా?” అని, బాధ కనిపించనివ్వకుండా, అక్కడినుంచి కదలడం. దాన్ని ఇంట్లో నాన్నతోనో అక్కతోనో నటించి సాధన చేయాలి. కొట్టడం, వస్తువులు లాక్కోవడం, వాట్సాప్ గ్రూపులో వీడియోలు పెట్టడం వేరు. వాటికి చిన్న జవాబు పనికిరాదు, పెద్దవాళ్ళు కలగజేసుకోవాల్సిందే. ఈ రెంటికీ తేడా పిల్లవాడికి ఉదాహరణలతో చెప్పాలి.

ఇష్టం, ప్రేమ గురించి మన ఇళ్ళలో మాట్లాడం. మిగతా పిల్లలు స్నేహితుల దగ్గర నేర్చుకుంటారు, వీళ్ళకు ఆ స్నేహితులే లేరు. ఒకమ్మాయి నవ్విందని రోజూ ఆమె ఇంటిదాకా వెనకాలే నడిచిన కుర్రవాడికి దురుద్దేశం ఉండకపోవచ్చు. ఆమెకు భయం వేయడం మాత్రం నిజం, చట్టమూ నిజం. “రెండు మెసేజీలకు జవాబు రాకపోతే మూడోది పెట్టకూడదు. వద్దంటే వద్దనే. ఏమీ చెప్పకపోయినా వద్దనే” అని లెక్కతో సహా చెప్పండి. సిగ్గుపడే సమయం కాదిది. ఆడపిల్లకైతే రెండోవైపు నుంచి చెప్పాలి: ఎవరైనా తీయగా మాట్లాడి రహస్యంగా ఉంచమంటే అది స్నేహం కాదు, ఇంట్లో చెప్పాలి.

సామాజిక నైపుణ్యాల్లో శిక్షణ

అమెరికాలోని మిషిగన్ టీచరు కెరోల్ గ్రే 1990ల మొదట్లో సోషల్ స్టోరీ అనే చిన్న సాధనం తయారుచేసింది. పిల్లవాణ్ణి ఇబ్బందిపెట్టే ఒక సందర్భాన్ని వాడి వైపు నుంచి, నెమ్మదైన మాటల్లో రాసివ్వడం. ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో చెప్పే వాక్యాలు ఎక్కువగా, ఏం చేయాలో చెప్పేవి తక్కువగా ఉండాలి. మన ఇళ్ళకు ఇలా రాసుకోవచ్చు:

“మా ఇంటికి అప్పుడప్పుడు చుట్టాలు వస్తారు. వాళ్ళలో కొందరు నన్ను చిన్నప్పుడు ఎత్తుకున్నారు. నేను గుర్తుపడితే వాళ్ళకు సంతోషం. అందుకే ‘నేనెవరో చెప్పు చూద్దాం’ అంటారు. అది పరీక్ష కాదు. గుర్తు రాకపోతే ‘గుర్తు రాలేదండీ, మీరే చెప్పండి’ అనవచ్చు. కాసేపు కూర్చున్నాక నా గదిలోకి వెళ్ళవచ్చు. ఆ సంగతి అమ్మకు తెలుసు.”

పియర్స్ పద్ధతి వారానికోసారి, గంటన్నర, పద్నాలుగు వారాలు సాగుతుంది. పిల్లలు ఒక గదిలో నేర్చుకుంటుంటే తల్లిదండ్రులు పక్క గదిలో అదే పాఠం వింటారు, వారమంతా ఇంట్లో హోంవర్కు చేయిస్తారు. దాన్ని కొరియాలో తమ పిల్లల అలవాట్లకు తగ్గట్టు మార్చి పరీక్షించి, 2014లో మంచి ఫలితాలు చూపారు. మన భాషలోనూ “మామా”కూ “చూద్దాంలే”కూ తగ్గట్టు చేయవలసిన పని ఇది.

శిక్షణ మీద ఆశకు ఒక హద్దు కూడా ఉంది. ఇలాంటి బృంద శిక్షణల మీద 2017లో జరిగిన సమీక్షలో, పిల్లలు తమ గురించి తాము చెప్పినప్పుడు పెరిగింది ఎక్కువగా తెలిసిన సంగతులే తప్ప చేసే పనులు కావని బయటపడింది. ఏం చేయాలో తెలుసు, క్లాసులో చేయలేకపోతున్నారు. గోల, ట్యూబులైటు, చెమట, భయం వీటన్నిటి మధ్య తెలిసింది చేతికి రాదు. పెళ్ళిలో బాజాల పక్కన కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడమంటే అది శిక్షణ అనిపించుకోదు. నిశ్శబ్దంగా ఉన్న మూల చూపించి, చెవులకు అడ్డం పెట్టుకోనిచ్చి, గంట తర్వాత ఇంటికి పంపేస్తే ఆ గంటలో నలుగురితో మాట్లాడతాడు.

ఇక ఏ సెంటరయినా పిల్లవాడి చేతులు ఊపడం, విన్న మాటనే మళ్ళీ మళ్ళీ అనడం వంటివి ఆపించడమే గొప్ప ఫలితంగా చూపిస్తే అక్కడికి పంపకండి. అది ముసుగు కుట్టడం.

తల్లిదండ్రులు సహకరించాలి

సహకరించడమంటే ఫీజు కట్టి, ఆటోలో దింపి, బయట బెంచీ మీద కూర్చోవడం అనుకుంటాం. అసలు చేయవలసింది ఇంట్లో మాట మార్చుకోవడం. “గది ఎలా ఉందో చూసుకున్నావా?” అనే బదులు “మంచం మీది బట్టలు ఇప్పుడు బీరువాలో పెట్టు” అనాలి. వెటకారం మానేయాలి. రేపు ఏం జరగబోతోందో ఈ రాత్రే చెప్పాలి. బామ్మ “వీడికి పొగరమ్మా, పలకరించడు” అన్నప్పుడు పిల్లవాడి ముందే వాడి తరఫున మాట్లాడాలి. ఆ ఒక్క మాట వాడు ఏళ్ళ తరబడి గుర్తుంచుకుంటాడు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం స్పెక్ట్రమ్ ఉంది. సీబీఎస్ఈ పరీక్షల్లో ఇలాంటి పిల్లలకు గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఉంది. మన దేశానికి తగ్గట్టు ఆటిజాన్ని కొలిచే ఐఎస్ఏఏ అనే 40 అంశాల పట్టిక తయారైంది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల కోసం ఉన్న జాతీయ సంస్థలోనే. ధారాళంగా మాట్లాడే కౌమారుడి కష్టం అలాంటి పట్టికలో సగమే కనిపించవచ్చు. అందుకే వైకల్య సర్టిఫికెట్ కోసం వెళ్ళేటప్పుడు స్కూల్లో, హాస్టల్లో వాడికి ఎదురైన ఇబ్బందులను తేదీలతో రాసి పట్టుకెళ్ళండి. సర్టిఫికెట్టు వచ్చినా రాకపోయినా, పరీక్ష హాల్లో ఏ మూల కూర్చోవాలో, గోలగా ఉన్నప్పుడు ఎక్కడికి వెళ్ళవచ్చో హెడ్మాస్టరుతో మాట్లాడి ఒప్పించవచ్చు.

శిక్షణ మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. నీకు ఎవరితో మాట్లాడాలని ఉంది, ఎక్కడ కష్టంగా ఉంది, దేనికి మా సాయం కావాలి అని పిల్లవాణ్ణే అడగండి. పద్నాలుగేళ్ళ వాడికి ఆ జవాబులు తెలుసు. నోటితో చెప్పలేకపోతే రాసిమ్మనండి. రాసిందాన్ని పట్టుకునే సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి.